పాట కోసం వస్తే పేకముక్కలు

"ఏట్రా, నీ పాటల పుస్తకం నొక్కితే పేకాటోడు వచ్చీసినాడు?"

సంక్రాంతికి దేవరాపల్లి వెళ్లినప్పుడు మా చిన్నాన్న ఫోను నా ముక్కు దగ్గర పెట్టి అడిగిన మాట ఇది. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఏడాదిగా నేను గొప్పలు చెప్పుకుంటున్న వెబ్‌సైటు తెరిచాడాయన. చూద్దామనుకున్నది ఒక పాత సినిమా పాటల పుస్తకం అట్ట. బొమ్మ సగం వచ్చింది. వేలు పెట్టబోయేసరికి అది కిందికి జారిపోయి, దాని జాగాలో ఆకుపచ్చ బల్ల మీద పరిచిన పేకముక్కలు వచ్చాయి. వేలు వాటి మీద పడింది. అంతే, ఇంకో సైటు, దాని మీద ఇంకో కిటికీ, "బోనస్ కావాలా" అంటూ మోగే గంట. మూసేద్దామంటే ఇంటూ గుర్తు ఆవగింజంత. మా చిన్నాన్నది చెరకు నరికిన బొటనవేలు.

ఆయన నన్ను తిట్టలేదు. "మరి నీకు డబ్బులొస్తే ఉంచుకోరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నా సరదా చిన్నది. సినిమా హాలు బయట అమ్మిన పాటల పుస్తకాలు పోగుచేయడం. చోడవరంలో సినిమా చూసి, చేతిలో ఆ నాలుగు కాగితాల పుస్తకం లేకుండా ఇల్లు చేరితే సినిమా చూసినట్టే లెక్కకాని రోజులు నాకు గుర్తు. కథ సగంలో ఆపి "మిగతా వెండితెరపై చూడండి" అనే వాటి ధోరణి ఈ వయసులో కూడా నన్ను ఊరిస్తుంది. సైటులో పాటలు పెట్టను, అవి రాసినవాళ్ల సొత్తు. నేను రాసుకునేది ఎవరు అచ్చు వేశారు, ఎంత వెల, నటీనటుల జాబితాలో ఎవరి పేరు తప్పు పడింది అనే పనికిమాలిన వివరాలు. వాటిని చదవడానికి రోజుకు ఏ పాతికమందో వస్తారు. అందులో సగం మా బంధువులే అనుకోండి.

బొమ్మలు పెరిగేకొద్దీ సర్వరు అద్దె పెరిగింది. అప్పుడు ఒక ప్రకటనల దళారీ సంస్థ గురించి ఎవరో చెప్పారు. పేరు అనవసరం. చేరడం చిటికెలో పని. వాళ్లిచ్చిన రెండు వరుసల కోడు పేజీలో అతికించి, "ఎక్కడ, ఎన్ని ప్రకటనలు వేయాలో మాకే వదిలేయండి" అన్న చోట టిక్కు పెట్టాను. ఇంటి తాళంచెవి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టానని అప్పుడు తోచలేదు. ఓ మొత్తం దాటితేగానీ డబ్బు పంపరట. ఏడాది గడిచినా ఆ గడప దాటలేదు. నా ఫోనులో ప్రకటనల్ని ఆపే బ్రౌజరు ఉంది కాబట్టి నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకే కనబడలేదు. వంట చేసినవాడు తిని చూడకపోవడం అంటే ఇదే.

అచ్చులో ప్రకటన లేదా అంటే, బోలెడంత ఉండేది. నా దగ్గరున్న పుస్తకాల వెనక అట్టలు చాలావరకు ప్రకటనలే. రాబోయే సినిమా, తలనొప్పి మందు, తలనూనె. అసలు తెలుగు పత్రికకు ప్రాణం పోసిన డబ్బులో తలనొప్పి మందు డబ్బు తక్కువేం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికకు, 1914లో మద్రాసు నుంచి వచ్చిన దినపత్రికకు, 1924లో భారతికి వెన్నుదన్ను. ప్రకటన అనగానే ముఖం చిట్లించుకునేవాళ్లకు నేను ఈ సంగతి గుర్తుచేస్తుంటాను. కాకపోతే ఆ డబ్బీ బొమ్మ పేజీలో తన గళ్లలో తాను ఉండేది. వ్యాసం చదువుతుంటే ఎగిరి అక్షరాల మీద కూర్చోలేదు. పత్రిక మడిచి పక్కన పెట్టాక మనతో పాటు పడగ్గదిలోకి రాలేదు.

తెర మీద ప్రకటన కూడా పుట్టినప్పుడు బుద్ధిగానే పుట్టింది. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే సైటులో ఏటీ అండ్ టీ కంపెనీ పట్టీ కనబడింది. వెబ్‌లో మొదటి బ్యానరుగా చెప్పుకునేది దాన్నే. వింత కాబట్టి చూసినవాళ్లలో దాదాపు సగంమంది నొక్కారంటారు. చెడింది ఆ తర్వాత. ట్రైపాడ్ అనే సంస్థ జనానికి ఉచితంగా సొంత పేజీలు ఇచ్చేది. అచ్చంగా నాలాంటి సరదారాయుళ్ల కోసం పెట్టిన అంగడి. ఆ పేజీల్లో కొన్ని బూతు పేజీలు. ఒక పెద్ద కార్ల కంపెనీ ప్రకటన అలాంటి పేజీ మీద పడి గొడవైంది. ప్రకటనను పేజీకి అంటకుండా వేరే కిటికీలో తెరిస్తే పోదా అని ఆ సంస్థలో పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్ కోడు రాశాడు. మన కళ్లలో కారం కొట్టే పాపప్ అలా పుట్టింది. 2014లో ది అట్లాంటిక్ పత్రికలో ఆయనే వ్యాసం రాసి, తప్పైంది, ఉద్దేశం మంచిదే అని క్షమాపణ కోరాడు. అభిరుచి పేజీలకు పట్టిన ఈ చీడ అభిరుచి పేజీల మీదే పుట్టిందన్నమాట.

రెప్పపాటు వేలం

అనకాపల్లి మార్కెట్లో బెల్లం వేలం చూసినవాళ్లకు తెర మీది ప్రకటనల యంత్రాంగం ఇట్టే అర్థమవుతుంది. అక్కడ దిమ్మల్ని వరసగా పేరుస్తారు. వర్తకుడు రంగు చూస్తాడు, గట్టితనం చూస్తాడు, ధర పలుకుతాడు. మా చిన్నాన్న నా పేజీ తెరిచినప్పుడు అలాంటి వేలమే జరిగింది, పదోవంతు సెకనులో. దిమ్మ మాత్రం ఆయనే. ఏ ఊరి వైపు నుంచి వచ్చాడు, ఏ ఫోను, ఎంత పాతది, ఇంతకుముందు ఏం వెతికాడు, ఇవన్నీ రంగు, గట్టితనం కింద లెక్క. ఎక్కువ పాడినవాడి ప్రకటన తెర మీదికి వస్తుంది. బెల్లం తెచ్చిన రైతుకు కనీసం పాట వినబడుతుంది. ఇక్కడ నాకూ వినబడలేదు, ఆయనకూ వినబడలేదు.

పెద్ద కంపెనీలు చిన్న తెలుగు పేజీ కోసం పెద్దగా పాడవు. పాడేవాళ్లు ఎవరంటే పేకాటవాళ్లు, అప్పుల యాప్‌లవాళ్లు, షుగరును మూడు వారాల్లో మాయం చేస్తామనేవాళ్లు. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు తలుపు తెరిచింది 2018లో. అంతకుముందు ఎన్నో ఏళ్లు మన బ్లాగర్లు తెలుగులో రాస్తూ రూపాయి ముఖం చూడలేదు. తెలుగు పేజీ చవక సరుకు పడేచోటు కావడానికి ఆ అలవాటు కూడా ఒక కారణమేమో. ఇది నా ఊహ.

ఆ సాయంత్రం చిన్నాన్న ఫోను తీసుకుని కూర్చున్నాను. పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లు పుట్టలోంచి చీమల్లా వచ్చాయి. "మీ ఫోనులో వైరసులు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి." "మీ లోను సిద్ధం." "షుగరు ఉన్నవాళ్లు ఈ ఆకు నమలండి." ఆయనకు షుగరు ఉంది. బెల్లం వండే ఇంట్లో ఉంటే వస్తుందని కాదు, వచ్చింది. ఆ ఆకు కోసం ఎప్పుడో ఫోను నంబరు కూడా ఇచ్చాడట. ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి రెండు కప్పుల టీ పట్టింది.

"వీళ్లందరికీ నువ్వే చెప్పావు చిన్నాన్నా, రమ్మని."

"నానెప్పుడు సెప్పినాన్రా?"

నిజమే, చెప్పలేదు. ఎక్కడో ఏదో చదవబోతే అడ్డంగా ఒక డబ్బా వచ్చి "అనుమతించు" అని అడిగింది. అది నొక్కితేగానీ ముందుకు పోనివ్వరనుకుని నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటు రాత్రింబవళ్లు ఆయన ఫోనులోకి చీటీలు విసురుతోంది. వైరసు ఏమీ లేదు, ఫోనుకు జబ్బేమీ లేదు. క్రోమ్ సెట్టింగుల్లో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు అనే చోటికి వెళ్లాను. నేను ఏనాడూ వినని సైట్ల పేర్లు పందొమ్మిది. ఒక్కొక్కటే తీసేశాను. నాది అందులో లేదని చూసుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నానంటే అబద్ధం కాదు.

తర్వాత రెండు పనులు చేశాను. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక గడి ఉంది. ప్రకటనల్ని వడగట్టే సర్వరు పేరు అందులో రాస్తే చాలావరకు చెత్త గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, డేటా కూడా మిగులుతుంది. రైవాడ జలాశయం వైపు పొలానికి వెళ్తే సిగ్నల్ ఒక గీతకు పడిపోయే ఆయనకు అది చిన్న సంగతి కాదు. రెండోది, ఫైర్‌ఫాక్స్ వేసి దానికి యూబ్లాక్ ఆరిజిన్ తగిలించాను. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టిన ఉచిత పరికరం అది. క్రోమ్ ఈమధ్య దాన్ని వెళ్లగొట్టింది గానీ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, ఫోనులో కూడా పనిచేస్తుంది. ఇలా ఆపితే సైట్లు నడిపేవాళ్ల పొట్టకొట్టినట్టు కాదా అని కొందరు మిత్రులు నన్ను నిలదీస్తారు. నేనూ సైటు నడిపేవాణ్నే. పెద్దాయన వేలి కిందికి పేకముక్కలు తోసి సంపాదించే పావలా నా పొట్టకు పట్టదు.

చట్టాల మాటకొస్తే, కాగితం మీద మనకు కొదవ లేదు. మధుమేహాన్ని నయం చేస్తామంటూ మందుల ప్రకటన వేయకూడదని 1954 నాటి చట్టమే చెప్పింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆటతో పాటు దాని ప్రకటనను కూడా నేరమంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' పేరుతో 13 మాయల జాబితా ప్రకటించింది. వార్తలాగో, పేజీలో భాగంలాగో వేషం కట్టిన ప్రకటన అందులో ఒకటి, మాటిమాటికీ విసిగించడం ఒకటి, వైరస్ ఉందని బెదిరించి ఉచ్చులోకి లాగడం ఇంకొకటి. మా చిన్నాన్న ఫోనులో ఆ మూడూ ఉన్నాయి. డబ్బు పోతే 1930కి, వినియోగదారుడిగా ఫిర్యాదుంటే 1915కి ఫోను చేయొచ్చు. ఆయన నంబరిచ్చిన ఆకువాళ్లు డబ్బు అడిగేలోపే కనిపెట్టాం కాబట్టి మాకు ఆ అవసరం పడలేదు.

ఇల్లు మారిన ఆటగాళ్లు

ఇది దేవరాపల్లి అరుగు గొడవ మాత్రమే కాదు. వీడియో గేముల అభిమానులు ఉమ్మడిగా రాసుకునే విజ్ఞానకోశాలకు ఫ్యాండమ్ అనే పెద్ద సంస్థ చోటిస్తుంది. రాసేది అభిమానులు, ప్రకటనల డబ్బు సంస్థది. తాము ఏళ్లతరబడి రాసిన పేజీలు ప్రకటనల మధ్య ఇరుక్కుపోవడం చూసి కడుపు మండినవాళ్లు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దారు. 2018లో రూన్‌స్కేప్ వాళ్లు వెళ్లిపోయారు. 2023 సెప్టెంబరులో మైన్‌క్రాఫ్ట్ వాళ్లు సొంత ఇంటికి మారారు. చిక్కేమిటంటే వాళ్లు రాసిందంతా ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు కింద ఉంది కాబట్టి పాత ప్రతి పాతచోటే ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసినా గుమ్మం మీద మన పేరు చెరపలేం. వెతికేవాళ్లు ఇప్పటికీ దారితప్పి ఆ తలుపే తడుతుంటారు.

ప్రకటన వస్తుందేమోనన్న అనుమానానికే ఇల్లు విడిచినవాళ్లున్నారు. 2002లో స్పానిష్ వికీపీడియన్లు, వికీపీడియాలో ప్రకటనలు పెడతారట అని చెవిన పడగానే విడిపోయి వేరే విజ్ఞానకోశం పెట్టుకున్నారు. ఆ ప్రకటనలు చివరికి రానేలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సైతం ఆ నీడ పడకుండానే పెరిగింది. మా ఊరి పేజీ కూడా అందులో ఉంది. గోదావరి వైపు దేవరపల్లితో మమ్మల్ని కలిపేసేవాళ్లకు దీర్ఘం చూసుకోమని చెప్పడానికి నాకు బాగా పనికొస్తుంది. ఇక 1998 నుంచి వస్తున్న 'ఈమాట' వెబ్ పత్రిక, నిఘంటువులన్నీ ఒకచోట పోసిపెట్టిన ఆంధ్రభారతి చూడండి. ప్రకటనల పొడ లేకుండా ఔత్సాహికుల చేతి చలవతో నడుస్తున్నాయి. ఏదైనా మాటకు అర్థం వెతుక్కోవడానికి ఆంధ్రభారతి తెరిచినప్పుడు ఆ తెల్లటి పేజీ ఎంత హాయిగా ఉంటుందో నేను ఇన్నేళ్లూ గమనించనేలేదు. ఈ పండక్కి గమనించాను.

విశాఖ తిరిగొచ్చాక ఆ రెండు వరుసలు తీసేశాను. అంతకుముందు మధ్యేమార్గం చూడకపోలేదు. పేకాట, వడ్డీవ్యాపారం లాంటి రకాలు రాకుండా ఆపే మీటలున్నాయి. తెర అడుగున అతుక్కునే పట్టీలు, పేజీకీ పేజీకీ మధ్య తెరంతా కమ్మేసేవి ఆపొచ్చు. ప్రకటనదారులూ టెక్ కంపెనీలూ కలిసి 2017లో రాసుకున్న మర్యాదల ప్రకారం ఫోనులో పేజీ పొడవులో ముప్పై శాతానికి మించి ప్రకటనలు ఉండకూడదు కూడా. అన్నీ సరిచేసి చిన్న తెర ఫోనులో నా పేజీ తెరిచి చూశాను. బాగానే ఉంది. అయినా అట్టబొమ్మ కింద పిలవని పేరంటం ఒకటి కనబడుతూనే ఉంది. రేపు అక్కడ ఎవరొచ్చి కూర్చుంటారో చెప్పే మీట మాత్రం నాకు దొరకలేదు. పీకేశాను.

ఖర్చు ఎలా అంటారా? బొమ్మలన్నిటినీ కుదించాను. ఒక్కో అట్ట మూడు మెగాబైట్లు ఉండేది, ఇప్పుడు నూటయాభై కిలోబైట్లు. కంటికి తేడా తెలియదు, అద్దె మాత్రం సగానికి దిగింది. ఈ బుద్ధి ముందే ఉంటే ఆ కోడు వరుసల జోలికే పోనక్కర్లేదు. మిగిలిన సగం నెలకో సినిమా టికెట్టు లెక్క. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మడం ఎప్పుడో మానేశారు కాబట్టి నాకేమీ నష్టం లేదు.

ఉగాదికి మళ్లీ వెళ్లాను. చిన్నాన్న తనంతట తానే సైటు తెరిచాడు. అట్ట ఒక్కసారిగా వచ్చి నిలబడింది, జారలేదు. లోపలి పేజీలు చూశాడు, నటీనటుల పేర్లు పైకి చదివాడు, ఒక పేరు దగ్గర నవ్వుకున్నాడు. చివరికి వెనక అట్ట వచ్చింది. దాని మీద తలనొప్పి మందు ప్రకటన, నుదుటికి గుడ్డ కట్టుకున్న మనిషి బొమ్మ. వేలు ఎత్తిపట్టుకుని నా వైపు చూశాడు.

"ఇది నొక్కితే ఏటవుద్దిరా?"

"ఏమీ అవ్వదు చిన్నాన్నా. అది బొమ్మే."

నమ్మకం కుదరక రెండుసార్లు నొక్కి చూశాడు.