మామోగ్రామ్ రిపోర్టులో సున్నా: మీకు తెలుసా?

రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందు ‘బైరాడ్స్’ అన్న మాట పక్కనున్న అంకె మీదే పడతాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది. అంకెలు 0 నుంచి 6 దాకా ఉంటాయి. తికమకంతా వాటితోనే.

• సున్నా వచ్చిందంటే ఏమీ లేదని కాదు, ఇంకా తేలలేదని. మరో కోణంలో ఫిల్మ్ తీయాలి, లేదా అల్ట్రాసౌండ్ చేయాలి. మళ్లీ రమ్మని ఫోనొస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ అమెరికాలో అలా వెనక్కి పిలిపించిన ప్రతి 10 మందిలో క్యాన్సర్ బయటపడేది ఒక్కరిలో కూడా కాదు, అంతకన్నా తక్కువే.

• అసలు తంటా 4తో. క్యాన్సర్ అవకాశం 2 శాతం దాటిన దగ్గర్నుంచి 95 లోపు వరకూ అన్నీ ఇందులోకే వస్తాయి! అందుకే 4ఎ, 4బి, 4సి అని విడగొట్టారు. 4ఎ అయితే 10 శాతానికి మించదు, 4సి అయితే 50 దాటినట్టే. బయాప్సీ మాత్రం మూడింటికీ చెబుతారు. ‘నాలుగొచ్చింది’ అని ఏడుస్తూ కూర్చునే ముందు పక్కన ఏ అక్షరం ఉందో చూడండి.

• అన్నిటికన్నా పెద్ద అంకె 6. అది కొత్త కబురేమీ కాదు. బయాప్సీలో క్యాన్సర్ అని ముందే తేలినవారికే అది రాస్తారు.

• ఫిల్మ్‌లో కనిపించే తెల్లటి కాల్షియం చుక్కలకూ, మీరు వేసుకునే కాల్షియం మాత్రలకూ సంబంధం లేదు. మాత్రలు మానేయక్కర్లేదు. పాతబడిన ఫైబ్రోఅడినోమా గడ్డలో పేరుకున్న కాల్షియం అచ్చం పాప్‌కార్న్‌లా కనిపిస్తుంది. దాంతో భయం లేదు. బాగా సన్నని చుక్కలు ఒకేచోట గుమిగూడినా, వరసగా బారు తీరినా డాక్టరు అక్కడ ఆగి, ఆ భాగాన్ని పెద్దది చేసి చూస్తారు. చంకల్లో రాసుకున్న పౌడరు, డియోడరెంటు కూడా ఇలాంటి చుక్కల్లా అగుపిస్తాయి. మామోగ్రామ్ తీసే రోజుకి రెండూ వద్దు.

• రొమ్ములో కొవ్వు నల్లగా, గ్రంథుల కణజాలం తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. ఆ కణజాలం పాలు, అంటే సాంద్రత, ఎక్కువైతే తెలుపులో తెలుపు కలిసిపోతుంది. చేత్తో తడిమి చూస్తే ఈ సాంద్రత తెలియదు. అమెరికాలోని మన ఆడవాళ్లకు 2024 సెప్టెంబరు నుంచి రిపోర్టుతో పాటు ఈ సంగతి కూడా తప్పనిసరిగా చెబుతున్నారు.

• పాత ఫిల్ములు పారేయకండి. ఏళ్ల తరబడి మారని మచ్చ అయితే చాలాసార్లు బయాప్సీ దాకా వెళ్లక్కర్లేదు. చేతికి గడ్డ తగులుతుంటే మాత్రం, రిపోర్టులో 1 (అంటే ఏమీ కనిపించలేదని) ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే.