ఉమ్మనీరు పచ్చబడినప్పుడు

పుట్టిన బిడ్డ వెంటనే ఏడ్వక, ఒడలు నీలిరంగు దాల్చి, రొప్పుచున్నచో “బిడ్డ ఉమ్మనీరు త్రాగినది” అని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో సగము నిజము కలదు. గర్భములోని శిశువు ప్రతిదినము ఉమ్మనీటిని మ్రింగుచునే యుండును. దానివలన కీడు లేదు. మలము కలిసిన ఉమ్మనీటిని ఊపిరితో లోనికి పీల్చుటయే కీడు. మ్రింగినది ప్రేగులకు పోవును. పీల్చినది ఊపిరితిత్తులకు చేరును.

పుట్టిన బిడ్డ మొదటి ఒకటి రెండు దినములలో విసర్జించు నల్లని జిగట మలమును వైద్యులు మెకోనియం అందురు. శిశువు మ్రింగిన ఉమ్మనీరు, అందలి నూగువెంట్రుకలు, చర్మపు పొట్టు, ప్రేగుల ఊటలు, పైత్యరసము కలిసి ఇది యేర్పడును. పచ్చదనము పైత్యరసమువలన వచ్చినదే. నూరు కాన్పులలో సుమారు 10 లేక 15 కాన్పులందు ఇది పుట్టుకకు ముందే ఉమ్మనీటిలో కలియును. అట్టి బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యముగనే యుందురు. నూటికి సుమారు అయిదుగురికి మాత్రము ఊపిరితిత్తులు దెబ్బతినును. 42 వారములు దాటిన గర్భములలో ఈ భయ మెక్కువ. 34 వారములు నిండకముందు అరుదు.

మాయ ద్వారా అందవలసిన ప్రాణవాయువు తగ్గినపుడు శిశువు మలము విడుచుటయు, ఊపిరాడక గట్టిగా ఎగపీల్చుటయు జరుగును. తల్లికి రక్తపుపోటు హెచ్చినను, బొడ్డుత్రాడు నొక్కుకొనినను ఇట్లు కావచ్చును. నొప్పులు త్వరపడవలెనని ఇంటివద్ద తెలిసీ తెలియని వారిచేత సూదిమందు వేయించుటను మేము ప్రత్యేకముగా హెచ్చరింపదలచితిమి. ఆ మందువలన నొప్పులు ఎడతెగక వచ్చినచో మాయకు రక్తము సరిగా అందదు. తల్లి యాతన పడుచుండగా లోపల బిడ్డకు ఊపిరి కరవగును.

లోనికి పోయిన జిగట మలము గాలిగొట్టమును పూర్తిగా మూసివేసినచో ఆ వైపు గాలితిత్తులు ముడుచుకొనిపోవును. సగము మూసినచో మరింత చిక్కు. సైకిలు చక్రపు వాల్వు గాలిని లోనికే పోనిచ్చి వెనుకకు రానీయనట్లు, పీల్చిన గాలి లోపలనే నిలిచి తిత్తులు ఉబ్బి, ఒక్కొక్కప్పుడు పగిలి గాలి రొమ్ములో చేరును. ఇంతతో ముగియదు. మలములోని పదార్థములు గాలితిత్తుల లోపొరను రేపి వాపు తెప్పించును. తిత్తులు ముడుచుకొనకుండ కాపాడు నురుగువంటి పలుచని పూతను చెడగొట్టును. పుట్టగానే విచ్చుకొనవలసిన ఊపిరితిత్తుల రక్తనాళములు బిగుసుకొనియే యుండుటచే, కొందరు బిడ్డలకు ప్రాణవాయువు పట్టించినను నీలిరంగు తగ్గదు.

బిడ్డను తలక్రిందులుగా పట్టి వీపు చరచుట పలుచోట్ల నున్న అలవాటు. లోతుగా చేరిన మలము దానివలన వెలికి రాదు. వైద్యులును పూర్వము తల బయటపడగానే నోరు, ముక్కు గొట్టముతో పీల్చి శుభ్రము చేసెడివారు. 2004లో ప్రకటింపబడిన, 2,500 మందికి పైగా శిశువులపై జరిగిన పరిశీలనలో అందువలన లాభము కానరాలేదు. ఆ పద్ధతి విడువబడినది. గట్టిగా ఏడ్చి కాలుసేతులాడించు బిడ్డను తుడిచి తల్లి రొమ్ముపై నుంచినచో చాలును. ఏడ్వని బిడ్డకు మొదటి నిమిషములోనే సంచితో, ముసుగుతో ఊపిరి అందింపవలెను. నేర్చిన చేయి, ఆ పరికరము రెండును కాన్పు గదిలో సిద్ధముగా నుండవలెను. బిడ్డ పుట్టిన పిమ్మట వెదకిన లాభము లేదు.

కావున ఇంటివద్ద ఉమ్మనీరు పోయినచో రంగు చూడుడు. తేటగా నున్నను ఆసుపత్రికి పోవలసినదే. పచ్చగానో, చిక్కని ఆకుపసరువలెనో యున్నచో క్షణము జాగు చేయక 108కి ఫోను చేయుడు. తడిసిన గుడ్డను ఉతికి వేయక నర్సుకు చూపుడు, నీరు పోయిన వేళను చెప్పుడు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో కాన్పునకును, జబ్బుపడిన నవజాత శిశువు చికిత్సకును రుసుము లేదు.

పుట్టినప్పుడు బాగుగనే యున్న బిడ్డకు కొన్ని గంటల పిమ్మట ఆయాసము రావచ్చును. నిమిషమునకు 60 లేక అంతకు మించి ఊపిరులు, ప్రక్కటెముకల నడుమ గుంటలు పడుట, మూలుగు, నాలుక నీలమగుట కనిపించినచో వెంటనే వైద్యునికి చూపవలెను. చికిత్స అందిన బిడ్డలలో పెక్కుమంది కొద్ది దినములలో తేరుకొందురు. కొందరికి మాత్రము మొదటి సంవత్సరములో దగ్గు, పిల్లికూతలు మరల మరల వచ్చుచుండును. అట్టి బిడ్డ పడుకొను చోట పొయ్యి పొగ, చుట్ట పొగ చేరనీయరాదు.