బోర్డుకూ ఇంటిపేరు

షోలాపూరు తూర్పు పేటలలో ఒకే పేరుగలవారు నలుగురైదుగురు లేని వీధి ఉండదు. “మార్కండేయులు ఉన్నాడా?” అని అడిగితే, “ఏ మార్కండేయులు? ఇంటిపేరు చెప్పండి” అంటారు. తెలంగాణం విడిచి తరాలు గడిచినా మనం ఇంటిపేరు విడువకపోవటంలో ఈ సౌకర్యం కూడా ఉన్నది.

మగ్గాలకు సైతం ఈ అవసరం వచ్చిందంటే పెద్దలు నవ్వవచ్చు. నవ్వేముందు మాకు జరిగినది వినవలసిందిగా మనవి.

1804లో ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో, చద్దరు మీద నెమలి రావాలంటే అట్టలకు రంధ్రాలు కొట్టి, వరుస అంకెలు వేసి, దండగా కుట్టేవారు. ఒక్క అట్ట తారుమారైతే నెమలి తోక తెగేది. ఆ అట్టలు తీసివేసి మా కారఖానాలో ఎలక్ట్రానిక్ జకార్డులు పెట్టించాము. ఇప్పుడు మగ్గానికొక బోర్డు. కంప్యూటరు నుండి తీగ ద్వారా నమూనా దానికి చేరుతుంది.

ఏది ఏ బోర్డో తెలియటానికి ప్రతిదానికీ మాక్ అడ్రసు అనే చిరునామా ఉంటుంది. అంకెలూ, అక్షరాలూ కలిసి మొత్తం 12. మొదటి ఆరూ ఇంటిపేరు వంటివి, అమెరికాలోని ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ వాటిని తయారీదారుకు కేటాయిస్తుంది. తక్కిన ఆరూ పెట్టిన పేరు వంటివి. తయారీదారే తన బోర్డులకు పెట్టుకోవాలి. ఒక్క ఇంటిపేరు కింద 1,67,77,216 పేర్లు పెట్టవచ్చు. చాలకపోతే మరొక ఇంటిపేరు కొనుక్కోవచ్చు. కనుక ఒకే పేరు ఇద్దరికి పెట్టవలసిన గతి ఎవరికీ లేదు.

సీరియల్ నంబరు వేరు. అది జాతకం వంటిది. బోర్డు ఎప్పుడు, ఏ విడతలో తయారైనదో తయారీదారు దానినిబట్టి తన లెక్కలలో చూచుకొంటాడు. ఒక విడతలో లోపం కనబడితే ఆ విడతవాటినే వెనక్కు పిలిపించవచ్చు.

ఇక మా సంగతి. చెడిన బోర్డు ఒకటి బాగై వచ్చిననాటినుండి రెండు మగ్గాలకు పేచీ మొదలైంది. ఇది నడిస్తే అది ఆగుతుంది. అది నడిస్తే ఇది. తీగలు మార్చాము. నేతగానిమీద విసుక్కున్నాము. మూడు రోజులు గడిచాయి. నేసినదానికే కూలి తీసుకొనేవానికి ఆగిన మగ్గం ఏమిస్తుంది?

చివరకు ఇంజనీరింగు చదివిన మా కోడలు రెండు బోర్డుల చిరునామాలు పక్కపక్కన వ్రాసి చూపింది. రెండూ ఒక్కటే! బాగుచేసినవారు మంచి బోర్డులోని మెమరీని ఉన్నదున్నట్లు నకలు తీసి ఎక్కించారు. పనితోపాటు పేరూ నకలైంది. సరిచూచుకొనేందుకని ఆ మంచి బోర్డు వారికిచ్చినది మేమే. అదృష్టవశాత్తు బాగై వచ్చినదాని మీది చీటీలో దాని అసలు చిరునామా అచ్చయి ఉన్నది. దానిని మళ్ళీ ఎక్కించగానే రెండు మగ్గాలూ నడిచాయి.

నేతగానికి మూడు రోజుల కూలి ఇచ్చుకొన్నాము. విసుక్కున్నందుకు ఏమివ్వగలం?

అందుచేత సోదరులకు మా సలహా: బోర్డు మీది చీటీ చింపవద్దు. మగ్గం సంఖ్య, సీరియల్ నంబరు, చిరునామా, మరమ్మతు తేదీ ఒక పుస్తకంలో వ్రాసుకోండి. బాగై వచ్చినదానిని చీటీతో సరిచూచిగాని బిగించవద్దు. తరతరాలుగా నూలు లెక్కలు వ్రాసిన చేతులకు ఇదొక భారం కాదు.