మెడికల్ స్టూడెంట్‌కి ట్యాబ్ తప్పనిసరా? 4 జీబీ ర్యామ్ ఫోన్‌తో నెల రోజులు

మాది సోంపేట దగ్గర, ఉద్దానం. 2018 తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట పోయింది. మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అందుకే శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ సెకండ్ ఇయర్ చదువుతున్న మా చెల్లి "అన్నయ్యా, అందరికీ ట్యాబ్ ఉంది, నాకూ తప్పదేటి?" అంటే వెంటనే సరే అనలేకపోయాను. ముందు నీ ఫోన్‌తోనే ఓ నెల చూద్దామన్నాను. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్న పాత ఫోన్ అది.

ఆంకీడ్రాయిడ్: ఫ్రీ, ఓపెన్ సోర్స్. నెట్ లేకపోయినా బస్సులో చదువుకోవచ్చు. మర్చిపోయిన ఫ్లాష్ కార్డ్ త్వరగా, బాగా గుర్తున్నది చాలా రోజులకి మళ్లీ అడుగుతుంది. ఫార్మకాలజీ మందుల పేర్లకి బాగా పనికొచ్చింది. వేల కార్డులున్న డెక్ ఒకేసారి మొదలుపెడితే మాత్రం రివ్యూలు పేరుకుపోతాయి. చెల్లి రోజుకి 15 కొత్త కార్డులే పెట్టుకుంది. ఆంకీవెబ్‌కి సింక్ చేస్తే ఫోన్ పోయినా కార్డులు పోవు. ఐఫోన్ యాప్‌కి డబ్బు కట్టాలి.

మెడ్‌స్కేప్: రిజిస్టర్ అయితే ఫ్రీ. మందుల డోసులు, ఒక మందుకి ఇంకో మందు పడుతుందా లేదా అన్నది చూడొచ్చు. డేటా దించుకుంటే ఆఫ్‌లైన్‌లోనూ వస్తుంది. బ్రాండ్ పేర్లు ఎక్కువగా అమెరికావి, కాబట్టి జెనరిక్ పేరుతో వెతకండి.

ఎండీకాల్క్: ఫార్ములాల క్యాలిక్యులేటర్. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న ఉద్దానంలో దీని విలువ వేరు. ప్రాక్టీస్ కోసం చెల్లి నాన్న పాత రిపోర్ట్ తీసింది. క్రియాటినిన్ 1.4, వయసు 60. 2021 సీకేడీ-ఈపీఐ ఫార్ములాలో ఈజీఎఫ్ఆర్ 58 దగ్గర వచ్చింది. అదే 1.4 పాతికేళ్ల కుర్రాడికైతే 72 దగ్గర వస్తుంది. "60 కంటే తగ్గింది అన్నయ్యా. ఒక్క రిపోర్ట్‌తో జబ్బని చెప్పకూడదు, మూడు నెలలైనా అలాగే ఉందో లేదో చూడాలి" అంది. యాప్ లెక్క చెబుతుందంతే, తేల్చాల్సింది డాక్టరే.

మా మాట: పీజీ ఎంట్రన్స్‌కి మారో, ప్రెప్‌ల్యాడర్ లాంటి పెయిడ్ యాప్‌లున్నాయి గానీ సెకండ్ ఇయర్‌లో తొందరేం లేదు. లావుపాటి టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్‌లు చదవడానికి, 3డీ అనాటమీకి పెద్ద స్క్రీన్ సుఖమే. అయినా ట్యాబ్ లేక చదువు ఆగదు.

మేమైతే ట్యాబ్ వాయిదా వేశాం. వచ్చే వారం నాన్నని మళ్లీ టెస్టులకి తీసుకెళ్తున్నాం.