మోడెమునకు ప్రవాహ నియంత్రణము

కనకమామిడి, చేవెళ్ల ప్రాంతపు పల్లెలలో తూము, మత్తడి అను మాటలకు అర్థము చెప్పనక్కరలేదు. పొలము నిండినంతనే రైతు "చాలు" అని కేక వేయును. తూమువద్ద నున్న నీరటి ఆ కేక విని నీటిని కట్టివేయవలెను. కేక వినబడనిచో గట్టు తెగును. మోడెమునందు ప్రవాహ నియంత్రణమనగా ఈ కేకయే.

కంప్యూటరు సంకేతములను టెలిఫోను తీగెపై పోవు ధ్వనులుగను, ఆ ధ్వనులను మరల సంకేతములుగను మార్చు యంత్రమే మోడెమ్. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ సంచార నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించిన దినములలో గృహస్థులకు ఇదియే ద్వారము.

కంప్యూటరు మోడెమునకు సెకనుకు 1,15,200 బిట్లు అందించుచున్నదనియు, టెలిఫోను తీగె 33,600 మాత్రమే మోయుచున్నదనియు అనుకొందము. ఇంత భేదమేల? మోడెమ్ సమాచారమును కుదించి పంపును. కుదింపునకు లొంగు వ్రాత వచ్చినప్పుడు ఆ అధిక వేగము అక్కరకు వచ్చును. లొంగనప్పుడు మిగిలిన దానిని తన చిన్న నిలువలో దాచుకొనును. ఆ నిలువ నిండిన పిదప వచ్చినదెల్ల మత్తడి దూకిన నీరే.

ఇచట నొక భ్రమ కలదు. పని నత్తనడక నడచినప్పుడు జనులు టెలిఫోను తీగెను నిందింతురు. కాని రెండు మోడెముల నడుమ దోషములను సరిదిద్దు ఏర్పాటు సాధారణముగా ఉండును. కంప్యూటరునకును మోడెమునకును నడుమనున్న మూరెడు తీగెకు ఆ రక్షణ లేదు. అచట జారిన భాగమును మరల పంపవలసివచ్చును. కాలము పెరుగును, టెలిఫోను రుసుమును పెరుగును. దరఖాస్తు పంపుచున్న యువకునికి గడువే దాటిపోవచ్చును.

నియంత్రణ విధములు రెండు. మొదటిది ఎక్స్‌-ఆన్, ఎక్స్‌-ఆఫ్. ఇందు 19వ సంఖ్య గల సంకేతము ఆగుమనియు, 17వది సాగుమనియు చెప్పును. ఈ సంకేతములు సమాచారముతోనే కలిసి పోవును గనుక, చిత్రములోనో ప్రోగ్రాములోనో సహజముగనే 19 వచ్చినచో ప్రవాహము అకారణముగా నిలిచిపోవచ్చును. రెండవది ఆర్.టి.ఎస్., సి.టి.ఎస్. దీనికి వేరుగా రెండు తీగెలు కలవు. ఒకదానిపై కంప్యూటరు, రెండవదానిపై మోడెమ్ తమ సంసిద్ధతను తెలుపును. సమాచారముతో కలతయే లేదు. కావున ఇదియే శ్రేష్ఠము.

విండోస్ 95, 98లలో కంట్రోల్ ప్యానెల్‌నందలి మోడెమ్ వివరములు తెరచి, అడ్వాన్స్‌డ్ అను భాగమున హార్డ్‌వేర్ నియంత్రణమును ఎన్నుకొనవలెను. మోడెమునకును అదియే తెలుపవలెను. పెక్కు మోడెములకు ఏటీ&కె3 అను ఆజ్ఞ చాలును; కొన్నింటికి ఆజ్ఞ వేరు గనుక, వెంట వచ్చిన పుస్తకమే ప్రమాణము. ఏటీ&డబ్ల్యు అనినచో అమరిక భద్రమగును. వెలుపలి మోడెమునకు మూడు తీగెల కేబులు తగిలించినచో ఈ పద్ధతి పనిచేయదు. సంసిద్ధత తెలుపు తీగెలు అందులో నుండవు.

నేడు ఇండ్లలో డయల్-అప్ అరుదైనది. అయినను పొలములోని మోటారును చేతిఫోనుతో నడుపు సిమ్ పెట్టెలలో చిన్న మోడెములు కలవు. వాటిలో పెక్కింటికి నేటికిని ఏటీ ఆజ్ఞలే భాష. యంత్రము పాతదైనను క్రొత్తదైనను, దూరపు తీగెను నిందించుటకు ముందు దగ్గరి తీగెను చూడుడు. ఇరువైపుల నొకే నియమము కుదిరినదా యని పరీక్షింపుడు. కేక వేయువాడును, వినువాడును ఒకే భాష నెరిగిననే గట్టు నిలుచును.