‘సరే సార్’ ఒక్కటే సరిపోదు!

కొత్త కొలువులో టీమ్ లీడ్ పని అప్పగించి ‘అర్థమైందా?’ అని అడగ్గానే, సగమే అర్థమైనా ‘సరే సార్’ అనేస్తారు చాలామంది ఫ్రెషర్లు. క్లాసులో డౌట్ అడిగితే నవ్వుతారనే భయం, పెద్దల మాటకు అడ్డు చెప్పకూడదనే అలవాటు ఆఫీసుకూ వెంట వస్తాయి. కాలేజీలో ఆ మౌనం వల్ల పోయేది నాలుగు మార్కులే. ఆఫీసులో మాత్రం మొత్తం టీమ్ పని ఆగిపోవచ్చు.

ఆ ఫ్యాక్టరీయే.. ఆ కార్మికులే!

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. నాణ్యత అంతంతమాత్రం, గైర్హాజరు ఎక్కువ. లోపం కనిపించినా లైన్ ఆపకూడదన్నది అక్కడి పద్ధతి. 1982లో అది మూతపడింది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ పేరుతో మళ్లీ తెరిచారు. పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. మారిందల్లా పని సంస్కృతి.

టయోటా పద్ధతిలో లైన్ పక్కన ఒక తాడు ఉంటుంది. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ వచ్చి సాయం చేస్తాడు. నిర్ణీత సమయంలో సమస్య తీరకపోతేనే లైన్ ఆగుతుంది. తాడు లాగినవాణ్ని ఎవరూ తిట్టరు. కొద్దికాలంలోనే నాణ్యతలో ఆ ఫ్యాక్టరీకి మంచి పేరొచ్చింది. ఇప్పుడు అదే ప్రాంగణంలో టెస్లా కార్లు తయారవుతున్నాయి.

చెప్పినా వినకపోతే..

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయల్దేరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. చలికి రాకెట్‌లోని రబ్బరు రింగులు సరిగా పనిచేయకపోవచ్చని ముందురోజు రాత్రే ఇంజినీర్లు హెచ్చరించారు. పైవాళ్లు ఆ మాట పక్కనపెట్టేశారు. కింది ఉద్యోగి నోరు విప్పడం ఎంత ముఖ్యమో, పైవాళ్లు చెవిపెట్టడమూ అంతే ముఖ్యమని ఆ ప్రమాదం చెప్పింది.

తప్పు జరిగిందనో, తెలియదనో చెప్పినా చిన్నచూపు ఎదురుకాదన్న ధైర్యాన్ని హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ‘సైకలాజికల్ సేఫ్టీ’ అంటారు. గూగుల్ తన టీమ్‌లను పరిశీలించినప్పుడూ, బాగా పనిచేసే టీమ్‌కు అన్నిటికన్నా అవసరమైంది ఇదేనని తేలింది.

ఫ్రెషర్‌గా మీరేం చేయాలి?

* తిరిగి చెప్పండి: ‘అర్థమైంది’ అని ఊరుకోకుండా ‘గురువారంలోపు మూడు స్క్రీన్లు టెస్ట్ చేసి రిపోర్ట్ మెయిల్ చేయాలి, అంతేనా సార్?’ అనండి. తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

* ఆలస్యాన్ని ముందే చెప్పండి: గడువు రోజు సాయంత్రం చెప్తే అది సాకులా వినిపిస్తుంది. ‘మేడమ్, సేల్స్ డేటా ఇంకా రాలేదు. పదకొండింటికి మళ్లీ అడుగుతా. అప్పటికీ రాకపోతే మిగతా భాగం పూర్తిచేసి పంపనా?’ అని ముందురోజే అడగండి. సమస్య, కారణం, మీ ప్రయత్నం అన్నీ అందులో ఉన్నాయి.

* ప్రయత్నించాకే అడగండి: ‘ఇది రావట్లేదు’ అంటే ఎదుటివాళ్లకు ఏమీ తెలియదు. ఏం చేశారో, ఎక్కడ ఆగారో చెప్తే సాయం త్వరగా అందుతుంది.

* మాట అయ్యాక మెయిల్: ఫోన్‌లోనో, మీటింగ్‌లోనో అనుకున్నది రెండు లైన్లలో రాసి పంపండి. రేపు ‘నేనలా అనలేదే’ అనే గొడవ ఉండదు.

ఇంటర్వ్యూలోనే పసిగట్టండి

చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అన్నప్పుడు తల అడ్డంగా ఊపేయకండి. ‘కొత్తగా చేరినవాళ్లు సందేహాలుంటే ఎవర్ని అడుగుతారు?’, ‘తప్పు జరిగితే టీమ్‌లో ఎలా చర్చిస్తారు?’ అని అడగండి. సూటిగా జవాబొస్తే మంచి గుర్తు. దాటేస్తే, అక్కడ పనిచేసే మీ సీనియర్లను ఒకసారి కనుక్కోండి.

అయితే అన్ని కంపెనీల్లో ఆ తాడు ఉండదు. అడిగిన ప్రతిసారీ విసుక్కునే బాస్ దొరకొచ్చు. అలాంటప్పుడు నలుగురిలో కాకుండా విడిగా, మర్యాదగా అడిగి చూడండి. మరో సీనియర్ సాయమూ తీసుకోండి. ఆఫీసులో మర్యాదకు ‘సార్’ అన్న పిలుపు చాలు, ‘సరే’ మాత్రం నిజంగా అర్థమయ్యాకే అనండి.