మలుపు చెప్పు దీపము

నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ చౌరస్తాకు పోవుచు ఎడమకు తిరిగినచో అశోక్‌నగరు వీధులు వచ్చును. 2020లో మెట్రో రైలు నడచుట మొదలైన ఈ బాట నడుమ దాని స్తంభములు వరుసగా నిలిచియున్నవి. ఇంతటి రద్దీలో ముందు బండి ఎటు తిరుగునో వెనుకవానికి తెలుపునది నారింజరంగు ఇండికేటరు దీపమే.

మా పొరుగింటి పెద్దాయనకు ఒక పాత అంబాసిడరు కారు కలదు. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినను, ఆయన దానిని విడువలేదు. ఒకనాటి సాయంకాలము వాన వెలిసిన పిమ్మట ఆయన అశోక్‌నగరు వైపు తిరుగుచుండగా, ఎడమ ప్రక్కగా సైకిలుపై వచ్చుచున్న బాలుడొకడు కారు క్రింద పడబోయి తప్పించుకొనెను.

“ఇండికేటరు వేసితిని గదా నాయనా!” అని ఆయన యనెను.

“వెనుక ఏమియు మెరయలేదు తాతా!” అని బాలుడు బదులు చెప్పెను.

ఇరువురు చెప్పినదియు నిజమే.

మరునాడు మెకానిక్కు చూడగా దీపము చక్కగా వెలిగెను. అయినను అతడు బల్బు మార్చెను. వారము దినములకు మరల అదే తీరు. పిమ్మట ఫ్లాషరు మార్చెను, ఫలితము లేదు. ఎల్లప్పుడు ఉండు దోషమును పట్టుట సులభము. వచ్చిపోవు దోషము మాత్రము మెకానిక్కు ఎదుట బుద్ధిమంతుని వలె నుండును. అది వానలో వచ్చుచున్నదా, గతుకులలోనా, ఒక ప్రక్కనే వచ్చుచున్నదా అని ముందుగా కనిపెట్టవలెను.

బాలలారా! ఈ దీపమునకు విద్యుత్తు బాటరీ నుండి బయలుదేరి ఫ్యూజు, ఫ్లాషరు, స్విచ్చి దాటి బల్బును చేరును. అచ్చట దాని ప్రయాణము ముగియదు. కారు ఇనుప బాడీ గుండా అది మరల బాటరీకి చేరవలెను. ఈ తిరుగు మార్గమును మెకానిక్కులు ‘ఎర్త్’ అందురు. రెండు ప్రక్కల దీపములును చెడినచో దోషము ఫ్యూజు, ఫ్లాషరు, స్విచ్చి వంటి ఉమ్మడి భాగములలో నుండవచ్చును. ఒక ప్రక్కనే చెడినచో, స్విచ్చి నుండి ఆ ప్రక్కకు పోవు దారిలో వెదకవలెను.

పాత కార్ల ఫ్లాషరు సాధారణముగా వేడిమిచే పనిచేయును. విద్యుత్తు పారగా లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగి తెగును. చల్లారి మరల కలియును. ఇట్లు నిమిషమునకు 60 మొదలు 120 పర్యాయములు దీపము మినుకవలెను. 12 వోల్టుల కారులో 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్ల విద్యుత్తును గ్రహించును. ముందు వెనుకల రెండును కలిసి 3.5 ఆంపియర్లు. ఒకటి సరిగా వెలుగనిచో పట్టీకి చాలినంత వేడి తగులదు. అప్పుడు మినుకుట మందగించును, లేదా ఆగిపోవును. అది చూచి ఫ్లాషరే చెడినదని తలచుట పెక్కుమంది చేయు పొరపాటు. అది పాపము తన పని తాను చేయుచునే యున్నది.

ఆదివారమున పెద్దాయన లోపల కూర్చుండగా నేను కారు వెనుక నిలిచితిని. ఎడమ ఇండికేటరు చక్కగా మినుకుచుండెను. “తాతగారూ, బ్రేకు త్రొక్కుడు,” అంటిని. త్రొక్కినంతనే దీపము కానవచ్చియు రానట్లు మసకబారెను! మలుపు తిరుగువాడు బ్రేకు త్రొక్కకుండునా? షెడ్డులో నిలిచియున్న కారుకు ఎవరును బ్రేకు త్రొక్కి చూడలేదు. అందుచేతనే అచ్చట దోషము కనబడలేదు.

వెనుక బ్రేకు దీపమునకును ఇండికేటరునకును తిరుగు మార్గము ఒక్కటే. అది తుప్పు పట్టియుండెను. ఒక దీపపు విద్యుత్తును ఎట్లో సాగనిచ్చుచుండెను గాని, రెండింటిది కలిసినచో ఇరుకు సందులో రెండు బండ్లు చొచ్చినట్లాయెను. నిశ్చయము కొరకు ఒక తీగ కొనను బల్బు హోల్డరునకును, రెండవ కొనను బాడీలో రంగు గీకిన చోటునకును ఆనించితిమి. బ్రేకు త్రొక్కినను దీపము నిండుగా మెరసెను.

హోల్డరును ఊడదీసి, ఉప్పుకాగితముతో తుప్పును రుద్ది మరల బిగించితిమి. దీపపు అద్దము చుట్టునున్న రబ్బరు పట్టీ చీలియుండెను. వాననీరు చొరబడినది అచ్చటనే. దానిని మార్చకున్నచో తుప్పు మరల వచ్చియుండెడిది. ఖర్చు ఆ పట్టీకి మాత్రమే అయినది.

ఇప్పుడు పెద్దాయన తొలకరికి ముందు ఎవరినైనను కారు వెనుక నిలువబెట్టి, బ్రేకు త్రొక్కి ఇండికేటరు వేయుచు, “మెరయుచున్నదా?” అని లోపలినుండి కేకవేయును.